నారా నగరమున పరదేశులు

జపానుదేశపు ప్రాచీనాలయములను గుఱించి వ్రాసిన పరదేశులు రెండు తెగలవారు. పది దినములలో పది పట్టణములు చుట్టి పోవువారు మొదటి తెగ. ఆ దేశమున ఇల్లు అద్దెకు గొని, వీథిచివరి యంగడిలో బియ్యము గొని, అచ్చటి వానలకును చలికిని ఓర్చి సంవత్సరములు గడపువారు రెండవ తెగ. మొదటివారికి ఆలయముయొక్క వైభవము కానవచ్చును. రెండవవారికి ఆ వైభవముతోపాటు, కప్పు పెంకులు మార్చుటకై చందాలు పోగుచేయు అర్చకుని పాట్లు కూడ కానవచ్చును. మేము ఉద్యోగవశమున మూడు సంవత్సరములు ఓసాకా నగరమున నుంటిమి. అచ్చటినుండి నారాకు రైలులో గంటసేపైనను పట్టదు. అందుచేత సెలవుదినములలో పెక్కింటిని అచ్చటనే గడపితిమి. తొలుత మేమును కేవలము చూడవచ్చినవారమే. రాను రాను మాకు తోచిన దేమనగా, ఆ నగరచరిత్రము అందు నివసించిన పరదేశుల చరిత్రముతో పెనవైచికొని యున్నది. ఒకదానిని విడిచి యింకొకదానిని తెలిసికొనుట పొసగదు.

నారా క్రీ. శ. 710 మొదలు 784 వఱకు జపానునకు రాజధాని. నడుమ కొలదికాలము చక్రవర్తి వేఱుచోట్లకు పోయి మరల వచ్చెను. నాడు దానిపేరు హేయ్‌జో. చీనా చక్రవర్తుల రాజధానియగు చాంగాన్ నగరమును మాదిరిగా గైకొని, చదరంగపు బల్లవలె వీథులు గీసి కట్టిన పట్టణమది. లిపి చీనావారిది, రాజ్యాంగశాసనములు చీనావారి మాదిరివి, మతము మన దేశమున బుట్టి చీనా కొరియాల మీదుగా పోయినది. పరులయొద్ద నేర్చుకొనుట చిన్నతనమని ఆనాటి జపానువారు తలపలేదు. విద్యార్థులను ఓడలెక్కించి సముద్రముమీద పంపిరి. ఆ ఓడలలో కొన్ని మునిగినవి. మరల పంపిరి.

735వ సంవత్సరమున మశూచికము క్యూషూ ద్వీపమున బయలుదేఱి, రెండేండ్లలో రాజధానిని చేరినది. రాజ్యమును నడపుచుండిన ఫుజివారా సోదరులు నలువురును 737లో నొక్కయేడే దానివాత బడిరి. దేశజనులలో నాలవవంతునకు తక్కువ గాకుండ నశించిరని చరిత్రకారుల యంచనా. షోము చక్రవర్తి యీ యుత్పాతమునకు తన గుణహీనతయే హేతువని తలచి, 743లో వైరోచన బుద్ధుని మహావిగ్రహమును పోతపోయింప శాసించెను. పూరిపుల్లయైనను పిడికెడు మన్నైనను దెచ్చి యీ కార్యమున దోడ్పడ గోరువానిని ఎవ్వరును అడ్డగింపరాదనియు, ఈ నెపమున అధికారులు జనులను పీడింపరాదనియు ఆ శాసనమున నుండెను. కోరిక మంచిదే. కాని విగ్రహమునకు పట్టిన రాగి యించుమించు 500 టన్నులు. అంత రాగిని గనులనుండి త్రవ్వి, అడవులు నఱకి బొగ్గుచేసి, కరగి పోసినవారు ఆ రోగమునుండి బ్రతికి బయటపడిన పల్లెజనులే. ఈ విగ్రహము ముందు నిలిచినపుడెల్ల మాకు భక్తితోపాటు ఈ లెక్కయు మనసున మెదలుచుండెను.

ఇంతటి కార్యమునకు చక్రవర్తి ఎవ్వరి సాయము కోరెనో వినదగిన సంగతి. గ్యోకి యను భిక్షువొకడు ఆలయమున గూర్చుండక, ఊరూర దిరుగుచు పామరులకు ధర్మము చెప్పి, వారిచేతనే వంతెనలు కట్టించి, చెఱువులు త్రవ్వించి, బాటసారులకు సత్రములు నిలిపెను. భిక్షువులు మఠముల వెలుపల జనులను కూడగట్టరాదని రాజశాసనము. కావున 717లో ప్రభుత్వము పేరుపెట్టి యాతని నిందించి నిషేధించెను. ఇరువది యెనిమిదేండ్లకు, అనగా 745లో, ఆ ప్రభుత్వమే యాతనికి మహాచార్య పదవి నొసగెను. ఏలయన, జనులు రాజోద్యోగుల మాట వినరు, గ్యోకి మాట విందురు. నేడు నారాలో నొక రైలుస్టేషను ముంగిట జలయంత్రము నడుమ నాతని విగ్రహము తోదైజి మహాలయమువైపు తిరిగి నిలిచి యున్నది. పట్టణపు బాలబాలికలు ఒకరినొకరు కలిసికొనుటకు "గ్యోకి కడ" అని గుర్తు చెప్పుకొందురు. సంఘసేవకునకు ఇంతకంటె మంచి స్మారకము మేమెఱుగము.

ఈ గ్యోకియే 736లో నానివా రేవునకు (అది నేటి ఓసాకా) పోయి, చీనానుండి వచ్చిన మువ్వురు పరదేశులకు ఎదురేగి స్వాగత మిచ్చెను. వారిలో నొకడు చీనావాడగు దోసెన్. ఒకడు నేటి వియత్నాము దేశమున నుండిన చంపారాజ్యమువాడు. జపానువారు బుత్తెత్సు అందురు. మూడవవాడు బోధిసేనుడు. దక్షిణభారతదేశపు బ్రాహ్మణుడనియు, భారద్వాజ వంశీయుడనియు ఆతని శిష్యుడు వ్రాసిన స్మారకలేఖనమువలన తెలియుచున్నది. మంజుశ్రీ బోధిసత్త్వుని దర్శింపగోరి చీనాదేశపు వుతాయ్ పర్వతమునకు పోయి, అచ్చట జపాను రాయబారుల ప్రార్థనపై ఓడయెక్కెనట. దక్షిణదేశమున ఏ యూరివాడో నిర్ణయించుటకు తగిన యాధారము లేదు. మనవాడే యని ప్రతి ప్రాంతమువారును హక్కు చెప్పుట మేలుగాదు. జపానువారు మాత్రము ఆతనిని "బ్రాహ్మణాచార్యు"డనియే వ్యవహరించిరి. దైఆంజి యను విహారమున నుండి శిష్యులకు అవతంసకసూత్రమును, సంస్కృతమును ఆతడు బోధించెనని చెప్పుదురు.

752వ సంవత్సరము నాలవమాసము తొమ్మిదవ దినమున మహాబుద్ధునకు నేత్రోన్మీలనము జరిగెను. మన శిల్పశాస్త్రములందును విగ్రహప్రతిష్ఠకు కడపటి కార్యము ఇదియే యని చదువరులకు చెప్పనక్కఱలేదు. షోము అప్పటికి సింహాసనము విడిచి భిక్షువైనాడు. కుమార్తె కోకెన్ చక్రవర్తినియై యేలుచుండెను. రోగపీడితుడగు షోమునకు బదులుగా, విగ్రహపు కన్నులు దిద్దు పెద్దకుంచెను చేబూనినవాడు బోధిసేనుడు. ఆ కుంచెకు పొడవైన త్రాళ్లు కట్టిరి. ఆ త్రాళ్ల రెండవకొసలను రాజకుటుంబమువారును, మంత్రులును, భిక్షువులును పట్టుకొనిరి. పరదేశిచేత కుంచె కదలినపుడు అందఱును కన్నులు దిద్దినట్లయ్యెను. భిక్షువులే పదివేలమంది వచ్చిరని లెక్క. ఆ త్రాడొకటి నీలిరంగు పట్టుది, దాదాపు 200 మీటరుల పొడవుగలది, ఆ కుంచెయు, తోదైజి వెనుకనున్న షోసోఇన్ అను కోశాగారమున నేటికిని భద్రముగా నున్నవి. 1180 నాటి యుద్ధాగ్నిలో విగ్రహము చెడగా, మరమ్మతైన పిమ్మట 1185లో గోషిరకావా చక్రవర్తి ఆ కుంచెతోనే స్వయముగా తిరిగి కన్నులు దిద్దెను.

షోసోఇన్ సంగతి యింకొకమాట చెప్పవలెను. 756లో షోము గతింపగా, రాణి కోమ్యో ఆయన వస్తువులను కండ్లయెదుట నుంచుకొనలేక బుద్ధున కర్పించెను. ఈమె యంతకు పూర్వమే, 730లో, బీదరోగుల కౌషధశాలను నెలకొల్పిన పుణ్యాత్మురాలు. ఆ యర్పణముతో మొదలైనదే నేటి సుమారు తొమ్మిదివేల వస్తువుల నిధి. అందు ఎఱ్ఱచందనపు జాతి కఱ్ఱతో జేసి ముత్యపుచిప్ప పొదిగిన అయిదుతంత్రుల వీణ యొకటి కలదు. దానిమీద ఒంటెనెక్కి వాయించు వైణికుని బొమ్మ యున్నది. అట్టి ప్రాచీనవాద్యము లోకమున వేఱొకటి మిగులలేదు. దాని పుట్టిల్లు భారతదేశమందురు. పుట్టినింట మాత్రము రాతిబొమ్మలందు తప్ప కానరాదు. ప్రతిసంవత్సరము శరదృతువున కొలదిదినములు వీనిలో నొక అఱువదింటిని మ్యూజియమున చూపుదురు. 2020కి పూర్వము జనులు వానలో గొడుగులు పట్టుకొని, త్రోపులాట లేకుండ, గంటలకొలది బారుతీరి నిలిచెడివారు. మేమును నిలిచితిమి. వస్తువులను చూచుటకంటె ఆ బారును చూచుట మాకు ఎక్కువ పాఠమైనది.

మహాబుద్ధుడు నేడు 15 మీటరుల యెత్తున నున్నాడు. కాని యాతని శరీరము ఒకనాటిది కాదు. 1180లోను 1567లోను మందిరము కాలెను. రెండవమాఱు కాలిన పిదప నూఱేండ్లకు పైగా విగ్రహము వానలో నెండలో నుండెను. నేటి మందిరము 1709లో ముగిసినది. తొంటిదానికంటె వెడల్పున మూడవవంతు తక్కువ. అయినను 57 మీటరుల వెడల్పు గలదు. దాని కప్పు బరువు మోయలేకపోగా, 1906 మొదలు 1913 వఱకు జరిగిన మరమ్మతులో ఇంగ్లండునుండి తెప్పించిన ఉక్కుదూలములు పైకి కనబడకుండ చొప్పించిరి. ప్రాచీనమును నిలుపుట యన్నచో దానిని తాకకుండుట గాదని ఈ యుక్కుదూలములు చెప్పుచున్నవి. మందిరద్వారముకడ ఎఱ్ఱని కుళ్లాయి పెట్టుకొన్న కొయ్యబొమ్మ యొకటి కూర్చున్నది. రోగులు తమకు నొప్పియున్న యవయవమును ఆ బొమ్మకు తడవి, ఆ చేతితో తమ యొడలు తడవుకొందురు. ఆ బొమ్మ పేరు బింజురు. అనగా మన పిండోల భారద్వాజుడు. ఇద్దఱు భారద్వాజులు ఆ ప్రాంగణమున నొక్కచోట జేరిరి. ఒకని చేతికి కుంచె వచ్చినది, ఒకని నెత్తికి కుళ్లాయి వచ్చినది.

చీనాచార్యుడగు గాంజిన్ కథ చీనా జపానులు రెండింటను ప్రసిద్ధము. భిక్షుదీక్ష నొసగు ఆచార్యుని రమ్మని జపాను విద్యార్థులు 742లో ప్రార్థింపగా నాతడు సమ్మతించెను. పండ్రెండేండ్లలో అయిదుమాఱులు ప్రయత్నము విఫలమయ్యెను. తుపానులు, అధికారుల యడ్డంకులు, శిష్యుల మరణము. నడుమ కన్నులు పోయినవి. ఆఱవమాఱు 753 చివర జపానుగట్టు చేరెను. మఱుసటియేడు తోదైజిలో దీక్షావేదిక నెలకొల్పి, 759లో తోషోదైజి విహారము స్థాపించి, 763లో దేహము చాలించెను. ఆ విహారపు ప్రధానమందిరము ఎనిమిదవ శతాబ్దినాటిదే నిలిచి యున్నది. ఆచార్యుని లక్కవిగ్రహము, కన్నులు మూసికొని కూర్చున్నది, సంవత్సరమున జూన్‌నెలలో కొలదిదినములు మాత్రమే దర్శన మిచ్చును. 1980లో దానిని ఓడయెక్కించి చీనాకు, ఆతడు పుట్టిన యాంగ్‌జో నగరమునకు గొనిపోయి చూపి తెచ్చిరి. మేము ఆ మందిరమున నొక వర్షాకాలపు మధ్యాహ్నము గడపితిమి. చూచువారు పదిమంది లేరు. వానచినుకుల చప్పుడు తప్ప మఱియొక ధ్వని లేదు.

సంస్కృతము చదివినవారికి జపానున నొక చిత్రమైన సంతోషము కలుగును. ఆ దేశపు అక్షరమాలను మాకు మొదట చెప్పినవారు మా పేటలో పరదేశులకై నడుపు సాయంకాలపు తరగతిలోని యొక వృద్ధురాలు. పలకమీద వరుసగా అ, ఇ, ఉ, ఎ, ఒ అని వ్రాసి, పిదప క, స, త, న, హ, మ, య, ర, వ యని చదివినది. ఇది మన వర్ణసమామ్నాయపు క్రమమే గదా! పూర్వము భిక్షువులు సిద్ధమాతృకయను భారతీయలిపిని అభ్యసించుటవలన ఆ క్రమము వారిభాషకు వచ్చినది. శ్మశానములలో సమాధుల వెనుక నిలుపు కొయ్యపలకలను "సోతోబా" అందురు, అది స్తూపశబ్దము. వానిమీద నేటికిని సిద్ధాక్షరములు వ్రాయుదురు. వ్రాయించుకొనువారిలో నూటికి తొంబదిమందికి ఆ యక్షరములు తెలియవు. తెలియని మంత్రమునకు రుసుము చెల్లించుట ఒక్క మనదేశపు వింత గాదు.

ఇక పందొమ్మిదవ శతాబ్దపు సంగతి. సంస్కరణాభిమానులు దీనిని శ్రద్ధగా పరికింపవలెను.

వేయేండ్లకు పైగా జపానున దేశీయదేవతలును బుద్ధులును ఒక్క ప్రాకారములో నుండిరి. నారాలో కాసుగా దేవతాలయమును కోఫుకుజి విహారమును ఒకే సంస్థ. 1868లో క్రొత్తప్రభుత్వము దేవతలను బుద్ధులను వేఱుపఱుపవలెనని శాసించెను. విహారములను పడగొట్టుడని శాసనమున లేదు. కాని జనులలో పేరుకొన్న కసికి ఆ శాసనము గవను తెఱచినది. కసికి కారణము లేకపోలేదు. అంతకు పూర్వము రెండువందల సంవత్సరములకు పైగా, తాను క్రైస్తవుడు గాడని ప్రతి గృహస్థుడును ఒక విహారమున పేరు నమోదు చేయించుకొని పత్రము పొందవలసి యుండెను. భిక్షువు ప్రభుత్వపు లెక్కగుమాస్తా యయ్యెను. పత్రమునకు రుసుము, శ్రాద్ధమునకు రుసుము, చచ్చినవానికి పెట్టు క్రొత్తపేరునకు దాని గొప్పతనమునుబట్టి రుసుము. ఇట్టి వ్యవస్థ కూలవలసినదే. కాని కూలిన దేమి? విగ్రహములను చీల్చి వంటచెఱకు చేసిరి. తాళపత్రములను, సూత్రగ్రంథములను చిత్తుకాగితముగా నమ్మిరి. ఉచియామా ఎయిక్యూజి యను మహావిహారము నేటి తెన్రి పట్టణముకడ నుండెను. ఒక చెఱువును పొలములును తప్ప దాని గుర్తు లేదు. కోఫుకుజి భిక్షువులు ఒక్కమాటుగా కాషాయములు విడిచి కాసుగా దేవాలయమున అర్చకులైరి. ప్రహరీగోడలు పడగొట్టి ఆ స్థలమును పార్కు చేసిరి. 1426లో కట్టిన, 50 మీటరుల యెత్తుగల అయిదంతస్తుల స్తూపమును అమ్మకమునకు పెట్టిరనియు, కొనదలచినవాడు లోహపు ముక్కలకై దానిని తగులబెట్ట జూడగా, ఇరుగుపొరుగువారు తమ యిండ్లు కాలునని యడ్డుపడిరనియు నారాలో నేటికిని చెప్పుకొందురు. వెల యెంతయన్న నొక్కొకరొక్కొక యంకె చెప్పుదురు. భక్తి కాపాడలేని దానిని నిప్పుభయము కాపాడెను.

రుసుములు పుచ్చుకొన్నవాడు మాత్రము నష్టపడలేదు. కాషాయము విడిచి తెల్లబట్ట కట్టెను, జీతము మాఱినది. నశించినవి శిల్పియొక్క యేండ్లతరబడి శ్రమము, బీదవాని పిడికెడు మన్ను. మేము సంస్కరణమునకు విరోధులము గాము. ఈ పత్రికను చదువు కుటుంబములవారు ఆ పక్షమువారే. అందుచేతనే ఈ కథ మనకు చేదుగా నుండవలెను.

మన యాంధ్రదేశముతో నీ విషయమునకు నిజమైన సంబంధ మొకటి కలదు. జపాను బౌద్ధులు నాగార్జునాచార్యుని ఎనిమిది సంప్రదాయములకును మూలపురుషునిగా కొలుతురు. షింగోన్ సంప్రదాయమువారు, దక్షిణభారతమున నొక ఇనుపస్తూపము తలుపులు తెఱచి ఆ యాచార్యుడు రహస్యసూత్రములను గ్రహించెనని నమ్ముదురు. ఆ స్తూపము మన అమరావతిదే కావచ్చునని కొందఱు పండితులు తలచిరి. ఆ యమరావతి స్తూపమును 1797లో కర్నల్ మెకంజీ చూచునాటికే, క్రొత్తపట్టణపు కట్టడములకై దాని రాళ్లను పెల్లగించుచుండిరి. దానియందు ఏ సంస్కర్తకును పాలులేదు, ఏ మతద్వేషమును లేదు, కేవలము ఎఱుగమి. మిగిలిన ఫలకములలో ముఖ్యములైనవి చెన్నపట్టణపు మ్యూజియమునను లండనునను ఉన్నవి. ఈ మాట నొక జపాను భిక్షువునకు చెప్పగా ఆయన నవ్వక, "మాకును అట్లే" యని యూరకుండెను.

1878లో ఫెనొలోసా యను ఇరువదియైదేండ్ల అమెరికావాడు తోక్యో విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము చెప్పుటకు వచ్చెను. ఆనాడు పరదేశులు కొన్ని రేవులలో తప్ప నివసింపరాదు. లోదేశమునకు పోవుటకు ప్రత్యేకానుమతిపత్రము కావలెను. 1899 వఱకు ఆ నిబంధన యుండెను. సర్కారు కొలువులో నుండుటచేత నాతడు విహారములన్నియు దిరుగ గలిగెను. దుభాషి యాతని శిష్యుడు ఓకాకురా కకుజో. 1884లో వీరు ప్రభుత్వపు ఆజ్ఞాపత్రముతో హోర్యూజి విహారమునకు పోయి, 739 నాటి "స్వప్నమందిర"పు గర్భగుడి తెఱువుమనిరి. లోపలి యవలోకితేశ్వరుని భిక్షువులును చూచి యెఱుగరు. తెఱచినచో భూకంపము వచ్చునని, పిడుగు పడునని వారించిరి. ఎట్టకేలకు తాళము తీయగా, అయిదువందల గజముల వస్త్రము చుట్టిన మూట యొకటి కానవచ్చెనని ఫెనొలోసా వ్రాసెను. విప్పి చూడగా ఏడవ శతాబ్దపు బంగరుపూత విగ్రహము, పూత చెక్కుచెదరక నిలిచినది. భూకంపము రాలేదు. ఇపుడు వసంతమున నొకనెల, శరత్తున నొకనెల ఆ తలుపులు తెఱతురు. మేము రెండు ఋతువులందును చూచితిమి. చీకటిలో ఇనుపజాలి వెనుక నవ్వీనవ్వని మొగము కనబడును. అయినను, మూఢవిశ్వాసపు తాళమే ఆ పూతను పండ్రెండువందలయేండ్లు కాపాడెనని కూడ ఒప్పుకొనవలెను.

ఫెనొలోసా నిష్కల్మషుడనుటకు వీలులేదు. తాను సమకూర్చిన చిత్రపటములను 1886లో బోస్టను ధనికున కమ్మెను. అవి నేడు ఆ నగరపు మ్యూజియమున నున్నవి. కాపాడినవాడును దేశము దాటించినవాడును ఒక్కడే. కాని జపాను విద్యార్థులకు మీ తాతల చేతిపని చూడుడని చెప్పినవారిలో నాతడు మొదటివాడు. 1897లో ప్రాచీనాలయసంరక్షణశాసనము పుట్టుటకు ఆ గురుశిష్యుల కృషి తోడ్పడినది. ఆతడు 1908లో లండనున చనిపోగా, చితాభస్మమును ఓత్సు పట్టణమున మియిదేరా విహారపు శాఖలో నిక్షేపించిరి. ఓకాకురా 1901లో మనదేశమునకు వచ్చి, కలకత్తాలో ఠాకూరు కుటుంబముతో మైత్రి చేసి, వివేకానందస్వామితో బుద్ధగయకు పోయెను.

ఉపాధ్యాయులమగుటచేత లఫ్కాడియో హెర్న్ పేరు విడువజాలము. 1890లో మత్సుయే యను మాఱుమూల పట్టణమున ఇంగ్లీషు చెప్ప వచ్చి, ఇజుమో మహాలయపు లోభాగమున కాలుపెట్టిన మొదటి పాశ్చాత్యుడై, కోయిజుమి సెత్సుకోను పెండ్లాడి, 1896లో కోయిజుమి యకుమో యను పేర జపాను పౌరుడయ్యెను. ఆ గృహిణి చెప్పిన కథలే ఆతని పుస్తకములకు ప్రాణము. పరదేశి యొక దేశమును తెలిసికొనుటలో ఇంటి యిల్లాలి పాలెంతయో చరిత్రకారులు తఱచు వ్రాయరు.

హోర్యూజి గుఱించి మఱికొంత. 607లో షోతోకు రాజకుమారుడు స్థాపించెను, 670లో కాలినది, పిదప ఏడవ శతాబ్దాంతమున తిరిగి కట్టిన మందిరములే లోకములోని దారుమందిరములలో మిక్కిలి ప్రాచీనములు. అయిదంతస్తుల స్తూపపు నడిమి స్తంభమునకై చెట్టును 594లో నఱకిరని మ్రాని వలయములను లెక్కించినవారు తేల్చిరి. ఈ విహారపు తాళపత్రములమీద ప్రజ్ఞాపారమితాహృదయము సంస్కృతమున నున్నది. 1884లో మాక్సుముల్లరు, జపాను పండితుడు నంజో బున్‌యూ కలిసి దానిని అచ్చువేయించిరి. మనదేశపు చెదపురుగులకు దక్కని పత్రములు అచ్చట దక్కినవి. ఆ మందిరపు గోడలమీద అజంతాను తలపించు చిత్రములుండెను. వానికి నకళ్లు వ్రాయుచుండగా, 1949 జనవరి 26న తెల్లవాఱుజామున నిప్పంటి కాలినవి. మఱుసటియేడే సాంస్కృతికసంపద్రక్షణశాసనము వచ్చెను. నాటి దినమును నేటికిని దేశమంతట ఆలయములలో అగ్నినివారణాభ్యాసదినముగా జరుపుదురు. ఊరి నిప్పార్పువారు పొడవుగొట్టములతో నీళ్లు చిమ్ముట మేము చూచితిమి, పిల్లలకు పండుగ.

ఆలయములు సరే, ఆ చుట్టునున్న యూళ్ల మాట యేమి? నారాలో గాంగోజి విహారపు స్థలముననే వర్తకుల పేట యొకటి పెరిగినది. ఇండ్లకు ముఖము ఇఱుకు, లోతు మిక్కుటము; పాముచేప పడకగది యని పరిహాసముగా నందురు. చూరులకు ఎఱ్ఱగుడ్డ కోతులను వ్రేలాడదీయుదురు, ఇంటనెందఱో అన్ని. కీడు వచ్చిన ఆ కోతికి తగులునట. దక్షిణమున ఇమాయ్ అను పట్టణమున దాదాపు 500 పాతయిండ్లున్నవి. పదునాఱవ శతాబ్దమున కందకము త్రవ్వుకొని తామే యేలుకొన్న వర్తకులు కట్టిన యూరు. కాని యూరిని నిలుపుకొనుట యన నెట్టిదో చూపినది కిసో లోయలోని త్సుమాగో. పూర్వము రాజమార్గమున మజిలీ. రైలు వేఱుదారిని పోగా పాడువడినది. 1971లో ఊరివారు కూడి, ఇంటిని అమ్మము, అద్దెకియ్యము, పడగొట్టము అని తీర్మానము చేసికొనిరి. ప్రభుత్వము పురాతనపేటల రక్షణకు చట్టము సవరించుట 1975లో. జనులు ముందు, చట్టము వెనుక. అద్దెకియ్యమను మాట మావంటి పరదేశులకు కొంత కష్టమే. మఱి యెట్లు నిలుచును?

డబ్బు మాటయు ఉన్నది. యకుషిజి విహారపు పడమటి స్తూపము 1528లో కాలినది. దానిని తిరిగి కట్టుటకు ఆ విహారాధిపతి తకదా కోఇన్ ధనికుల నాశ్రయింపలేదు. ప్రజ్ఞాపారమితాహృదయమును స్వహస్తమున వ్రాసి, వేయి యెన్నులు కానుక పంపుడని గృహస్థులను కోరెను. పదిలక్షల ప్రతులు రావలెనని తలచినది, అంతకు మించి వచ్చినవి. 1976లో మందిరము, 1981లో స్తూపము లేచినవి. కట్టినవాడు హోర్యూజి వడ్రంగుల వంశమున బుట్టిన నిషియోకా త్సునేకాజు.

ఇంత చేసిన దేశమున చేయక మిగిలినదియు కలదు. 1872లో ప్రభుత్వము స్త్రీలను పుణ్యపర్వతములకు రానీయకుండుట మానుమని శాసించెను. కోయాపర్వతము మొదలగునవి క్రమముగా తలుపులు తెఱచినవి. నారా మండలములోని ఓమినే పర్వతము మాత్రము నేటికిని తెఱవలేదు. 2004లో ప్రపంచవారసత్వపు పట్టిక కెక్కిన పుణ్యక్షేత్రములలో అదియు నొకటి. కొండదారి మొదట కొయ్యద్వారము నిలిపి, ఇచ్చటినుండి స్త్రీలకు ప్రవేశము లేదని జపాను భాషలోను ఇంగ్లీషులోను వ్రాసియున్నారు. అది తపస్సంప్రదాయమని యొక పెద్దమనిషి మాకు నచ్చజెప్పెను. భూకంపము వచ్చునన్న భిక్షువుల వాదమునకంటె ఇది బలమైనదని మాకు తోచలేదు.

మా గృహిణి ఆ ద్వారముమీది వ్రాతను రెండుభాషలలోను చదివి, "మీరు పోయి రండు, నే నిక్కడ కూర్చుందును" అన్నది. మేము పోలేదు. ఇద్దఱమును దోరోగావా గ్రామమునకు దిగివచ్చితిమి. అచ్చట ప్రతియంగడిలోను దరానిసుకె యను నల్లని మాత్ర లమ్ముదురు. ధారణీమంత్రములు జపించు భిక్షువులు నిద్ర రాకుండ నోట నుంచుకొనెడివారట. ఆ ధారణీశబ్దమే మందు పేరైనది. కడుపునొప్పికి మంచిదన్నారు. ఒక పొట్లము కొంటిమి. వేపచిగురుకంటె చేదు.